బెంగళూరు ఇళ్ళలో కొత్త స్నేహాలు: అతిథి మర్యాద ఎక్కడ అడ్డొస్తుంది

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామటుకు ఏడాదికి రెండు మూడుసార్లయినా ఇంటికి పదిమందిని పిలుస్తాయి. గృహప్రవేశమో, పిల్లల పుట్టినరోజో, వరలక్ష్మీ వ్రతమో, ఉగాదో సందర్భమవుతుంది. పిలుపు అందుకున్నవారిలో ఆఫీసులో పక్క సీటు మలయాళీ ఉంటాడు, ఎదురింటి కన్నడ దంపతులు ఉంటారు, పిల్లల బడిలో పరిచయమైన బెంగాలీ తల్లి ఉంటుంది. అందరూ వస్తారు, భోజనం బాగుందంటారు, ఫొటోలు దిగుతారు, తాంబూలం అందుకుని సెలవు తీసుకుంటారు. మరుసటి వారం లిఫ్టులో ఎదురుపడితే మళ్ళీ అదే చిరునవ్వు, అదే 'బాగున్నారా'. ఇంత శ్రమపడి, ఇంత ప్రేమగా వండిపెట్టినా పరిచయం స్నేహంగా ఎందుకు మారలేదన్న ప్రశ్న విందు ఇచ్చినవారి మనసులో మిగిలిపోతుంది. దానికి జవాబు దొరకాలంటే ఆతిథ్యం అనే పద్ధతినే కొంచెం దగ్గరగా చూడాలి. మనం గొప్పగా చెప్పుకునే అతిథి మర్యాదలోనే స్నేహాన్ని గుమ్మం దగ్గర ఆపేసే గుణం ఒకటి ఉంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి బెంగళూరు చాలా అనువైన ఊరు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటక జనాభాలో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 5.8 శాతం, కన్నడం, ఉర్దూల తర్వాత రాష్ట్రంలో మూడో స్థానం తెలుగుదే. అయితే ఈ తెలుగువారందరూ ఒక్క తీరువారు కారు. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు నుంచి వచ్చి తరతరాలుగా ఇక్కడే ఉన్నవారు కొందరు, రాయలసీమ నుంచి వచ్చి దుకాణాలూ భోజనశాలలూ పెట్టుకున్నవారు మరికొందరు, గత ముప్పై ఏళ్ళలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాలకు చేరినవారు ఇంకొందరు. మొదటి రెండు వర్గాలకూ కన్నడిగులతో ఇరుగుపొరుగు స్నేహం పుట్టి పెరిగిన వీధిలోనో, దుకాణం గట్టు మీదో దానంతటదే దొరికింది. మూడో వర్గం దాన్ని కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. గేటు దగ్గరి కాపలాదారు ఫోనులో అనుమతి అడిగితే తప్ప మనిషి లోపలికి రాలేని అపార్ట్‌మెంట్లలో, అరుగులు లేని ఇళ్ళలో, ఒకరినొకరు తెలుసుకోవడానికి ఇంటికి పిలవడం తప్ప వేరే దారి పెద్దగా మిగల్లేదు. అందుకే ఈ పిలుపుల మీద ఇంత భారం పడింది.

వేర్వేరు సమూహాల మనుషులు కలిసినప్పుడు వారి మధ్య అపోహలు ఎప్పుడు తగ్గుతాయన్న దాని మీద అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ఒక ప్రతిపాదన చేశాడు. ఊరికే ఎదురుపడితే చాలదని, కలిసినవారి హోదా ఆ సందర్భంలో సమానంగా ఉండాలని, అందరికీ ఉమ్మడి లక్ష్యం ఉండాలని, దానికోసం పోటీ లేకుండా కలిసి పనిచేయాలని, ఆ కలయికకు పెద్దల లేదా సంస్థల ఆమోదం ఉండాలని దాని సారాంశం. 1998లో థామస్ పెటిగ్రూ దీనికి మరొక షరతు చేర్చాడు: ఆ కలయిక స్నేహానికి అవకాశం ఇచ్చేదిగా, అంటే మనుషులు మళ్ళీ మళ్ళీ కలిసే వీలున్నదిగా ఉండాలన్నాడు. 2006లో ఆయనా లిండా ట్రాప్ కలిసి 515 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసి, సమూహాల మధ్య సంపర్కం మామూలుగా దురభిప్రాయాలను తగ్గిస్తుందని, ఆల్‌పోర్ట్ చెప్పిన షరతులు లేకపోయినా కొంత మేలు జరుగుతుందని, ఉంటే ఆ మేలు పెరుగుతుందని తేల్చారు.

ఈ కొలతతో మన ఇంటి విందును చూస్తే మొదటి షరతు దగ్గరే చిక్కు కనిపిస్తుంది. అతిథి సోఫాలో కూర్చుంటాడు, ఇంటివారు నిలబడతారు. అతిథి తింటాడు, ఇంటివారు వడ్డిస్తారు, వచ్చినవారందరూ తిన్నాకే తాము తింటారు. అతిథి గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టబోతే 'అయ్యో, మీరెందుకండీ' అని చేతిలోంచి లాక్కుంటారు. మర్యాద పేరుతో జరిగే ఈ ప్రతి పనీ ఒకరిని ఇచ్చేవారిగా, ఇంకొకరిని పుచ్చుకునేవారిగా నిలబెడుతుంది. పుచ్చుకున్నవారి మనసులో కృతజ్ఞతతో పాటు బాకీ కూడా మిగులుతుంది. ఈ పద్ధతిలో పెరిగిన తెలుగువారికి ఆ బాకీ ఎలా తీర్చాలో తెలుసు. పండగకో పబ్బానికో తిరిగి పిలిచి తీర్చుకుంటారు. వేరే పద్ధతిలో పెరిగినవారికి అంత భారీ విందుకు సాటి విందు ఇవ్వడం సాధ్యం కాదనిపించి, పిలవకుండానే ఉండిపోతారు. పద్నాలుగు వంటకాలతో విందు పెట్టిన ఇంటికి తిరిగి పిలుపు రాకపోవడానికి కారణం చాలాసార్లు ఆ పద్నాలుగు వంటకాలే.

పైగా ఆ పద్నాలుగూ చేసిన మనిషి, ఎక్కువ ఇళ్ళలో ఇల్లాలే, వచ్చినవారితో పది నిమిషాలు కూడా కూర్చోలేదు. ఎవరి స్నేహం కోసం ఇంత ఏర్పాటు జరిగిందో, ఆ స్నేహం కుదిరే సమయంలో ఆమె పొయ్యి దగ్గర ఉంది. ఇది చిన్న లోపంగా కొట్టిపారేయదగ్గది కాదు.

దీనికి విరుగుడు ఈ నేలలోనే ఉంది, ప్రతి చలికాలం వీధిలోకి వస్తుంది కూడా. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు మార్కెట్లన్నీ అవరెకాయలతో నిండిపోతాయి. చిక్కుడు జాతికి చెందిన ఈ కాయల ఘాటైన వాసనకు కన్నడిగులు సొగడు అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. సొగడు ఎంత ఉంటే కాయ అంత మంచిదని లెక్క. కాయలు వలిచి, గింజలు నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య నొక్కితే పైతోలు ఊడి పప్పు బయటికి జారుతుంది. అదే హిదికిద అవరెబేళె. దానితో సారు చేస్తారు, ఉప్మాలో వేస్తారు, నూనెలో వేయించి కారం చల్లుకుంటారు. దీనికోసమే ప్రత్యేకంగా మేళా పెట్టేంత మక్కువ ఈ ఊరికి ఉంది. రుచి ఎంత గొప్పదో పని అంత చాకిరీ. ఒక్క మనిషి కూర్చుని నలుగురికి సరిపడా పప్పు పితకాలంటే పూట గడిచిపోతుంది. అందుకే పాత బెంగళూరు ఇళ్ళలో ఈ పని ఎప్పుడూ నలుగురు చేరి, మధ్యలో పేపరు పరుచుకుని, కబుర్లతో చేసేదే.

చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చిన తెలుగువారు ఆ పేపరు పక్కన కూర్చుంటే ఒక చిన్న ఆశ్చర్యం ఎదురవుతుంది. తమ ఊళ్ళో అనపకాయలంటారే, అవే ఇవి. సంక్రాంతి రోజుల్లో అమ్మమ్మ చేసే పితికిపప్పు ఇదే. పాతకాలపు 'ప' ధ్వని కన్నడంలో కాలక్రమేణా 'హ'గా మారింది కాబట్టి మన పాలు వారికి హాలు, మన పువ్వు వారికి హూవు, మన పండు వారికి హణ్ణు, మన పల్లె వారికి హళ్ళి. ఆ లెక్కనే మన పితకడం వారికి హిదుకడం. రెండు భాషల మధ్య ఉన్న చుట్టరికాన్ని పుస్తకంలో చదివితే ఒక సమాచారం; పప్పు పితుకుతూ వింటే పక్కనున్న మనిషితో బంధుత్వం. ఒక్క మాట తెలియగానే మిగతావి వెతుక్కోవడం మొదలవుతుంది, అరగంటలో అది ఆటగా మారుతుంది.

ఇదే పేపరు చుట్టూ శ్రీకాకుళమో విశాఖపట్నమో నుంచి వచ్చిన తెలుగువారు కూడా ఉంటే ఇంకో సంగతి బయటపడుతుంది. వారి వైపు ఆనపకాయంటే సొరకాయ. అనప పప్పు అనగానే వారికేమీ అర్థం కాదు; సీమవారు, కన్నడిగులు కలిసి వారికి వివరించాలి. బొబ్బట్ల దగ్గరా ఇదే కథ: కోస్తాలో బొబ్బట్లు, తెలంగాణలో భక్ష్యాలు, సీమలో చాలా ఊళ్ళలో ఓళిగలు, కన్నడంలో హోళిగె. సంస్కృతి సరిహద్దు అనేది 'మన తెలుగువాళ్ళు', 'వాళ్ళు కన్నడంవాళ్ళు' అని మనం గీసుకున్న చోట లేదని, చిత్తూరు మనిషికి కొన్ని విషయాల్లో శ్రీకాకుళం కన్నా కోలారే దగ్గరని ఆ కాసేపట్లో అందరికీ తెలిసిపోతుంది. ఆల్‌పోర్ట్ కోరిన సమాన హోదా ఇక్కడ ఎవరూ ప్రయత్నించకుండానే ఏర్పడింది. ఆ పూటకు నేర్పేవారు, నేర్చుకునేవారు క్షణక్షణానికి మారుతున్నారు. ఇంటివారు కూడా నేల మీదే కూర్చున్నారు. పని అయితేనే భోజనం కాబట్టి ఉమ్మడి లక్ష్యం ఎదురుగానే ఉంది.

చేతులు పనిలో ఉన్నప్పుడు మాట తేలికపడటానికి ఇంకో కారణం కూడా చెప్పుకోవాలి. కొత్త మనుషులు ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుంటే చూపులు కలుస్తాయి, మౌనం ఇబ్బంది పెడుతుంది, దాన్ని పూడ్చడానికి అక్కరలేని ప్రశ్నలు పుడతాయి. పని ఉంటే చూపు పని మీద ఉంటుంది. మౌనం మౌనంలా అనిపించదు. తెలుగువారి స్వభావంలో లోతుగా ఉన్న మొహమాటానికి ఇంతకన్నా మంచి మందు లేదు. అవరెకాయలు లేని నెలల్లో వేరే పనులు ఉన్నాయి. పూలు కట్టడం ఒకటి: మల్లెలు మనకు మూర, కన్నడిగులకు మొళ, తమిళులకు ముళం, కొలిచేది మాత్రం అందరూ మోచేయి నుంచి వేలి కొన దాకానే. ముగ్గు వేయడం ఇంకొకటి. వడియాలు పెట్టడం, ఆవకాయ ముక్కలు తుడవడం, పిల్లలతో కలిసి గాలిపటాలు చేయడం కూడా ఇందుకు పనికొచ్చేవే. నేర్పు లేనివారు సైతం చేయగలగడం, తప్పు చేసినా పెద్ద నష్టం లేకపోవడం, నలుగురు పట్టేంత ఉండటం, ఇవి ఉంటే ఏ పనైనా సరిపోతుంది.

ఎంతమందిని పిలవాలన్నది తర్వాతి విషయం. బ్రిటిష్ మానవ శాస్త్రజ్ఞుడు రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు మనుషుల సంభాషణలను గమనించి, ఒక సంభాషణలో నలుగురి దాకా నిలకడగా ఉండగలరని, అంతకు మించితే అది రెండుగా చీలిపోతుందని చూపించారు. ఒకే భాషవారి మధ్య ఆ చీలిక ఎక్కడైనా రావచ్చు. వేర్వేరు భాషలవారి మధ్య మాత్రం అది దాదాపు ఎప్పుడూ భాష దగ్గరే వస్తుంది. పదిమంది ఉన్న గదిలో ఆరుగురు తెలుగువారైతే పావుగంటలో ఆ ఆరుగురూ ఒకచోట చేరి తెలుగులో పడిపోతారు. మిగతా నలుగురూ ఫోన్లు తీస్తారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు, కానీ బయట మిగిలినవారికి అది వెలివేతలాగే తోస్తుంది. కాబట్టి కొత్త స్నేహం కోసం పిలిచేటప్పుడు రెండు కుటుంబాలు, మహా అయితే మూడు, చాలు. తెలుగువారు మరీ ఎక్కువగా లేకుండా చూసుకోవడం కూడా అవసరమే. మిగతా తెలుగు మిత్రులను ఇంకో రోజు పిలిచినంత మాత్రాన వారు నొచ్చుకోరు.

ఏ భాషలో మాట్లాడుకోవాలన్నది ఇంతకన్నా సున్నితమైన విషయం. బెంగళూరులో కన్నడిగులు తమ ఊరికి వచ్చినవారి భాషలోకి మారిపోవడం సర్వసాధారణం. తెలుగువారు నోరు తెరవగానే చాలామంది కన్నడిగులు తెలుగులో జవాబిస్తారు. ఆ సౌకర్యం వల్లనే పదేళ్ళు ఇక్కడ ఉండి కూడా కన్నడంలో నాలుగు వాక్యాలు కూడబలుక్కోలేని తెలుగువారు కనిపిస్తారు. ప్రతిసారీ ఒక వైపువారే దాటి రావలసివస్తే దాన్ని సమాన స్నేహమని చెప్పలేం. తెలుగువారికి కన్నడం నేర్చుకోవడం నిజానికి ఇతరులకంటే చాలా సులువు. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చాయి. తలకట్టు తీరు, కొన్ని అక్షరాల తేడా పట్టుబడితే బస్సుల బోర్డులు చదవడానికి కొద్ది వారాల సాధన చాలు. ఇంట్లో కలిసినప్పుడు అతిథి తెలుగులోకి మారినా ఇంటివారు పట్టుబట్టి తమ తప్పుల కన్నడంలోనే మాట్లాడటం ఎదుటివారికి ఇచ్చే మంచి గౌరవాల్లో ఒకటి.

దగ్గరి భాషలైనందువల్ల కొన్ని అపార్థాలూ వస్తాయి, అవి తెలిసి ఉండటం మంచిది. కన్నడంలో 'నీవు' మర్యాద మాట. మన 'మీరు'తో సమానం. తెలుగులో అదే మాట ఏకవచనం. తెలుగు నేర్చుకుంటున్న కన్నడ మిత్రుడు ఇంట్లో పెద్దవారిని 'నీవు కూర్చోండి' అంటే అది అమర్యాద కాదని, అతని చెవికి అది గౌరవంగానే వినిపిస్తోందని ఆ పెద్దవారికి ముందే చెప్పి ఉంచాలి. 'తిండి ఆయ్తా' అన్న పలకరింపు మన చెవికి కొంచెం మొరటుగా తగులుతుంది. వారికి తిండి అంటే ఎక్కువగా ఉదయం ఫలహారం, అడిగినది ఆప్యాయంగానే. ఇక వడ్డించేటప్పుడు కన్నడ అతిథి 'సాకు, సాకు' అంటే వంక చెబుతున్నాడని కాదు, చాలు అంటున్నాడని. చాలు అన్నప్పుడు ఆపడం మన వడ్డనలో లేని అలవాటు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది.

కొసరి కొసరి వడ్డించడం మనకు ప్రేమ. అతిథి రెండుసార్లు వద్దనడం, ఇంటివారు మూడోసారి వేయడం, అతిథి సంతోషంగా తినడం ఇద్దరికీ తెలిసిన ఆట. ఆ ఆట తెలియనివారికి వద్దు అంటే వద్దు. మూడోసారి వేసినది తినలేక, పారేయలేక వారు పడే యాతన మనకు కనబడదు. కన్నడ, తమిళ, మలయాళ మిత్రులకు ఇది కొంత పరిచయమే. విదేశాల నుంచి వచ్చినవారిలో చాలామందికి ఒకసారి అడిగి, కాదంటే ఊరుకోవడమే మర్యాద. గిన్నెలు మధ్యలో పెట్టి ఎవరికి కావలసినది వారు వేసుకునేలా చేస్తే ఈ చిక్కంతా తప్పుతుంది. ఇల్లాలికి కూర్చునే తీరికా దొరుకుతుంది.

ఏం తింటారో ముందే అడగాలి. అడిగే తీరు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 'మీరు నాన్‌వెజ్ తింటారా' అన్న ప్రశ్న మన దేశంలో చాలాసార్లు కులం గురించి, మతం గురించి ఆరా తీయడానికి వాడే ప్రశ్న. అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతివారికీ ఆ సంగతి అనుభవమే. 'మీరు తినకూడనివి, మీకు పడనివి ఏమైనా ఉన్నాయా' అని అందరినీ ఒకే మాటతో అడిగితే ఉల్లి వెల్లుల్లి మానినవారు, సోమవారం ఒక్కపొద్దు ఉండేవారు, హలాల్ చూసుకునేవారు, వేరుశనగ పడనివారు అందరూ జవాబు చెప్పగలుగుతారు. ఒకరి వంట మీద హాస్యం అసలే కూడదు. 'మీ సాంబారు తియ్యగా ఉంటుందండీ' అన్న మాట బెంగళూరులో ప్రతి కన్నడిగుడూ తెలుగువారి నోట పదులసార్లు విన్నదే. ఇంట్లో అమ్మ చేసిన సారులో బెల్లం ముక్క పడటం ఒక రుచి, దానికొక లెక్క ఉంది. మన కారాన్ని చూసి ఎవరైనా ముఖం చిట్లిస్తే మనకెలా ఉంటుందో వారికీ అలాగే ఉంటుంది.

తెలుగువారు అసలు మానుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంటిపేరు. మన మధ్య ఇంటిపేరు అడగడం చాలాసార్లు కులం తెలుసుకోవడానికే. కన్నడిగుల్లో, తమిళుల్లో ఎక్కువమందికి మన పద్ధతిలో ఇంటిపేరే ఉండదు. ఊరి పేరూ తండ్రి పేరూ పొడి అక్షరాలుగా ముందు ఉంటాయి. వారికి ఆ ప్రశ్న అర్థం కాదు, అర్థమైన రోజున బాధిస్తుంది. ఎదుటి మనిషిని తెలుసుకోవడానికి వారి ఊరి నదిని గురించి, చిన్నప్పటి సెలవులను గురించి, బెంగళూరులో మొదట ఏ వీధిలో ఉన్నారన్న దాని గురించి అడిగితే ఎంత మాటైనా సాగుతుంది.

పండగల మాటకు వస్తే, అవి మొదటి తలుపు తీయడానికి చాలా పనికొస్తాయి. సంక్రాంతినాడు కన్నడ ఇళ్ళ ఆడపిల్లలు పళ్ళెంలో నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశనగ, పుట్నాలు కలిపిన ఎళ్ళు బెల్లం, చెరకు ముక్క, పంచదార అచ్చులు పెట్టుకుని ఇంటింటికీ పంచిపెడతారు. ఎళ్ళు బెల్లం తిని మంచి మాటలాడండి అని దాని వెంట ఒక మాట. ఆ పళ్ళేన్ని గుమ్మంలో పుచ్చుకుని తలుపు వేసేయకుండా, పిల్లను లోపలికి పిలిచి భోగిపళ్ళలో పోసే రేగుపళ్ళు ఆమె పళ్ళెంలో పెట్టి పంపితే రెండు ఇళ్ళ పండగలు ఒకటవుతాయి. దసరాకు కన్నడిగుల గొంబె హబ్బలో, అంటే బొమ్మల కొలువులో, కొయ్య రాజూ రాణీ, పట్టద గొంబెలు, పై మెట్టు మీద ఉంటాయి. పక్కన కర్ణాటకలోని చన్నపట్టణ లక్క బొమ్మలు ఉంటే, మన ఇంటి ఏటికొప్పాక బొమ్మను తీసుకెళ్ళి చూపించవచ్చు: రెండూ అంకుడు కర్రనే తరిణె మీద చెక్కి లక్క రంగులు వేసినవి. ఉగాది ఇద్దరికీ ఒకే రోజు. మన పచ్చడిలో ఆరు రుచులు, వారి బేవు బెల్లలో వేపా బెల్లమూ. మరునాడు పాత మైసూరు ప్రాంతం వారు చేసుకునే హొసతొడకు మాంసం విందు గురించి మాత్రం తెలుగువారిలో చాలామందికి తెలియదు. మన కనుమ తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది.

అయితే పండగ పిలుపులకు కంచెలు కూడా ఉన్నాయి. వరలక్ష్మీ వ్రతం సాయంత్రం పేరంటం పది నిమిషాల్లో పూర్తవుతుంది. పసుపు కుంకుమ, రవిక గుడ్డ, కొబ్బరికాయ అందుకుని పేరంటాలు ఇంకో ఇంటికి వెళ్ళాలి. మాట్లాడుకునే సమయమే లేదు. భర్తను పోగొట్టుకున్నవారిని పిలవకపోవడం ఇంకా చాలా ఇళ్ళలో సాగుతున్న అన్యాయం. ఇతర మతాలవారికి పిలుపు వచ్చినా తామేం చేయాలో తెలియక దూరంగా నిలబడతారు. స్నేహం కోసం పిలిచే రోజు పూజ రోజు కాకపోవడమే నయం. మామూలు ఆదివారం మధ్యాహ్నం అందరికీ సమానంగా చెందుతుంది.

ఇంత చేసినా ఒక్క ఆదివారంతో స్నేహం కుదరదు. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పరిచయస్థులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, నిజమైన స్నేహితులు కావడానికి దాదాపు 90 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుంది. ఆఫీసులో తప్పనిసరిగా కలిసి గడిపిన గంటలకంటే ఇష్టపడి గడిపిన గంటలకే విలువ ఎక్కువ. ఈ లెక్కలు అమెరికావి, మన ఊళ్ళకు అక్షరాలా వర్తిస్తాయని అనుకోనక్కరలేదు. అయినా దిక్సూచిగా పనికొస్తాయి. నెలకోసారి నాలుగు గంటలు కలిస్తే ఏడాదికి 48 గంటలు. అంటే మామూలు స్నేహం దగ్గరికి రావడానికే ఏడాది పడుతుంది. పద్నాలుగు వంటకాల విందు నెలనెలా ఎవరికీ సాధ్యం కాదు. అన్నం, ఒక పప్పు, ఒక వేపుడు, మజ్జిగ అయితే సాధ్యమే.

దూరం కూడా చూసుకోవాలి. 1950లో లియోన్ ఫెస్టింగర్ బృందం వెలువరించిన, ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ నివాసాల్లో చేసిన పరిశీలనలో, ఎవరు ఎవరికి స్నేహితులయ్యారన్నది చాలామటుకు గుమ్మాల మధ్య దూరాన్ని బట్టే తేలింది. బెంగళూరు ట్రాఫిక్ తెలిసినవారికి దీనికి రుజువు అక్కరలేదు. 2023లో పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయ్యాక కొంత సులువైంది కానీ, నెలనెలా కలవాలనుకునే కొత్త స్నేహానికి ఊరి అవతలి కొస కంటే పై అంతస్తు, పక్క వీధి మేలు.

మొదటి కలయిక తర్వాత చాలా పరిచయాలు ఆగిపోయేది మొహమాటం దగ్గరే. 'వాళ్ళకు మనం నచ్చామో లేదో' అన్న సందేహంతో రెండు వైపులా ఎదురుచూస్తారు. 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు ఈ సందేహాన్నే పరీక్షించారు: కొత్తవారితో మాట్లాడి వచ్చిన మనిషి తాను ఎదుటివారికి నచ్చిన దానికంటే తక్కువగా నచ్చానని అనుకుంటాడని తేలింది. అది తెలిస్తే ముందుగా ఫోను చేయడం కొంత తేలికవుతుంది. మన ఇళ్ళలో ఇందుకు ఇంకా సులువైన ఏర్పాటు ఉంది. మిగిలిన కూరను స్టీలు డబ్బాలో పెట్టి అతిథితో పంపిస్తే, ఆ డబ్బా తిరిగి రావాలి. దక్షిణాది ఇళ్ళలో ఎక్కడా డబ్బా ఖాళీగా తిరిగి రాదు. నాలుగు చక్కిలాలో, గుప్పెడు పంచదారో అందులో ఉంటాయి. మూత మీద చెక్కించిన పేరు ఉన్న పాత్ర అయితే మరీ మంచిది, ఎవరిదో మరచిపోయే వీలుండదు.

పిలిచినవారు తిరిగి పిలిస్తే వెళ్ళాలి. ఇది చెప్పనక్కరలేని మాటలా కనిపిస్తుంది కానీ, 'మీకెందుకండీ శ్రమ' అని మూడుసార్లు తప్పించుకునే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తాము ఎప్పుడూ పెట్టే చేయిగానే ఉండాలన్న కోరిక దాని వెనక ఉంటుంది, అది అవతలివారిని ఎప్పటికీ బాకీదారులుగానే ఉంచుతుంది. వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వంటింట్లోకి తొంగిచూసి 'ఏనాదరూ కెలస ఇదెయా', ఏమైనా పని ఉందా అని అడిగితే చాలు. మొదటిసారి వద్దంటారు. రెండోసారో మూడోసారో ఒక పీట ముందుకు జరుగుతుంది, దాని మీద కొబ్బరి చిప్ప, తురుముకోవడానికి కోరాము ఉంటాయి.